ఆర్డిస్ నొక్కిన మీట

ఆ వేసవిలో ఆర్డిస్ పడవ మూడుసార్లు ఆగిపోయింది. మూడుసార్లూ ఒకే చోట. హేగన్ దీవి దాటాక కుడివైపు ఒడ్డు వెనక్కి తగ్గుతుంది. అక్కడి నుంచి ఒక అరమైలు మేర గాలి తిన్నగా మీదికొస్తుంది. ఆ అరమైల్లోనే.

మొదటి రెండుసార్లు నేను పెద్దగా ఆలోచించలేదు. ఈ సరస్సు ఒడ్డున ముప్ఫై ఒక్క ఏళ్లుగా పడవ మోటార్లు బాగుచేస్తున్నాను. ఆగిపోయిన మోటారు నాకు వింత కాదు. మొదటిసారి స్పార్క్ ప్లగ్గులు మార్చాను, రెండోసారి కార్బురేటరు విప్పి కడిగాను. కానీ జులై చివరి మంగళవారం మధ్యాహ్నం, వర్లిన్ తన పడవకి తాడు కట్టి ఆమె పడవను లాక్కొస్తుంటే, రేవు చెక్కల మీద నిలబడి చూస్తున్న నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. ఎక్కడ ఆగాలో మోటారుకి ఎలా తెలుసు?

"ఏమోయ్ హల్వర్, నీ రోగిని తెచ్చాను," అని వర్లిన్ దూరం నుంచే అరిచాడు. అతనిది ఎర చేపల కొట్టు. మాట్లాడటానికి ఎవరో ఒకరు ఉంటారని ఆ కొట్టు పెట్టాడని నా అనుమానం. "ఈసారి వైద్యం వద్దు. శవపరీక్ష చేసెయ్."

"నోరు మూసుకుని తాడు అటు విసురు," అంది ఆర్డిస్.

ఆమె పందొమ్మిదేళ్లుగా ఈ సరస్సు మీద టపా మోస్తోంది. మంగళ, గురు, శనివారాలు. ఏడు దీవులు, పదకొండు ఇళ్లు. ఉత్తరాలకన్నా ఇప్పుడు మందుల పొట్లాలే ఎక్కువ. అరవై రెండేళ్ల మనిషి, తపాలా సంచీ భుజాన వేసుకుని పడవలోంచి రేవు మీదికి ఎగిరి దూకుతుంది. ఆ రోజు దూకలేదు. రేవు గుంజ పట్టుకుని దిగింది. అది నేను చూశానని ఆమె చూసింది.

"నిజం చెప్పు, ఇక్కడ పాస్టరుగారెవరూ లేరు," అన్నాడు వర్లిన్. "రెగ్యులర్ పోశావు కదూ? మొక్కజొన్న సారా. పాపం మోటారుకి ఈ వయసులో తాగుడు నేర్పావు."

"రెగ్యులర్ పోసేది నువ్వు."

"నేను పోస్తే ఏం? ముప్ఫై ఏళ్ల నుంచీ ఎనభై ఏడు నంబరు రెగ్యులరే. నాది ఎప్పుడైనా ఆగిందా? మీరంతా ప్రీమియం, ప్రీమియం అని వెర్రెత్తిపోతారు. మోటారుకి చదువు రాదమ్మా, దానికి ఏ పెట్రోలైనా ఒకటే."

"పందొమ్మిదేళ్లలో తొంభై ఒకటి నంబరు ప్రీమియం తప్ప ఇంకోటి ముట్టుకోలేదు," అంది ఆర్డిస్. తర్వాత నా వైపు తిరిగింది. "ఇదిగో, అదే వాడమని చెప్పిన మనిషి ఇక్కడే ఉన్నాడు. చెప్పు హల్వర్."

"అవును," అన్నాను.

అంతే అన్నాను. వర్లిన్ మాటలో సగం నిజముంది. అతని పడవ రోజంతా తిరుగుతుంది, పోసిన పెట్రోలు పది రోజుల్లో కాలిపోతుంది. రెగ్యులర్‌లో కలిపే సారా, అదే ఇథనాల్, ఉన్నా చెడిపోయే తీరిక దానికుండదు. ఆర్డిస్ సంగతి వేరు. సారా లేని పెట్రోలు దొరికే బంకు ఆమెకు ముప్ఫై నాలుగు మైళ్ల దూరం. మే నెలలో, చేపల వేట కాలం మొదలయ్యే ముందు శుక్రవారం, ఆరు పెద్ద డబ్బాలు ఒకేసారి తనే పంపు మీట నొక్కి నింపుకొచ్చి షెడ్డులో పెట్టుకుని సెప్టెంబరు దాకా వాడుతుంది. అలా నిలవుండే పెట్రోల్లో సారా ఉండకూడదు. ఇదంతా ఆ క్షణంలో నా తలలో ఉంది. చెప్పలేదు. మా దగ్గర ఒక మాటతో పోయేదానికి రెండు మాటలు వాడితే కోతలు కోస్తున్నాడంటారు. నేను దాన్ని మర్యాద అనుకుంటూ వచ్చాను. కొంత పిరికితనమేమోనని ఈ మధ్య అనిపిస్తోంది.

వర్లిన్ వెళ్లాక ట్యాంకు విప్పాను. అడుగున గొట్టం పెట్టి కొంచెం పెట్రోలు ఖాళీ ఊరగాయ సీసాలోకి తోడాను. కిటికీ గట్టు మీద, వెలుతురులో పెట్టాను. నిమిషం గడిచేసరికి సీసాలో రెండు పొరలు తేరుకున్నాయి. పైన తేనె రంగు పెట్రోలు. కింద వేలెడు మందాన, గంజి తేటలా మసకగా ఇంకేదో.

"నీళ్లా?" అంది ఆర్డిస్, సీసాకి మొహం ఆనించి.

"నీళ్లు."

అప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోవడం కష్టమైంది. చోటు సంగతి తేలిపోయింది. నీళ్లు బరువు, ట్యాంకు అడుగున పడుకుంటాయి. దీవుల చాటున సరస్సు నిమ్మళంగా ఉన్నంతసేపూ మోటారు పైనున్న మంచి పెట్రోలు తాగుతూ పోతుంది. హేగన్ దీవి దాటగానే అలలు తగిలి ట్యాంకు కుదుపుకి లోనవుతుంది. అడుగున పడుకున్నది లేచి గొట్టంలోకి వెళ్తుంది. మోటారుకి చోటు తెలియదు. అలలకి తెలుసు.

ఇది కూడా చెప్పలేదు. నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వును ఆమె ఎలా అర్థం చేసుకుందో అప్పుడు నాకు తోచలేదు.

"మూత సరిగ్గా బిగించలేదంటావా నేను?" అంది.

"చూడాలి."

ఆమె చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి నా బల్ల మీద పెట్టింది. తెరిచి చూపించింది. ప్రతి పేజీలోనూ తేదీ, కింద పెన్సిలుతో గుర్తులు. మూత బిగించాను. మూత మీది గాలిరంధ్రం మర తిప్పాను. గొట్టం చూశాను. తాళం వేశాను.

"జూన్ నుంచీ రాస్తున్నాను," అంది. "రాసి, మళ్లీ వెళ్లి చూసుకుంటున్నాను. మా ఇనెజ్ నీకు గుర్తుందిగా?"

ఇనెజ్ ఆమె అక్క. అరవై నాలుగో ఏట కాఫీలో ఉప్పు వేయడంతో మొదలై, రెండేళ్లలో ఆర్డిస్ ఎవరో తెలియని స్థితికి వచ్చి పోయింది.

"శనివారం పన్నెండింటిలోగా పోస్టాఫీసులో కాగితం ఇవ్వాలి," అంది ఆర్డిస్. "ఇంకో నాలుగేళ్లు ఈ దారి నాదేనని సంతకం పెట్టి. లేకపోతే వదిలేస్తున్నానని. రెండో కాగితం కూడా రాసి పెట్టుకున్నాను. చూడు హల్వర్, ఇది నా సరదా సంగతి కాదు. లిడియా ముసలమ్మ గుండె మాత్రలు నా సంచీలో ఉంటాయి. నా తలకాయ నాది కాకుండా పోతుంటే ఆ మాత్రలు నీళ్ల మీద మోయకూడదు. అది మోటారు తప్పో, నా తప్పో, అది తేల్చు చాలు."

తేలుస్తానన్నాను. ఆమె వెళ్లిపోయాక ఆ నోటుబుక్కు నా బల్ల మీద లేకపోయినా అక్కడే ఉన్నట్టు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

బుధవారం పొద్దున్నే ఆమె షెడ్డుకి వెళ్లాను. ఆరు డబ్బాల్లో నాలుగు అయిపోయాయి. రెండు మే నెలలో నింపినవి నింపినట్టే ఉన్నాయి. మూతల మీద సాలెగూడు కూడా చెదరలేదు. వర్షం నీళ్లు వాటిలోకి వెళ్లే దారి లేదు. కాబట్టి అడగాల్సింది వీటినే.

ఈ పరీక్ష చేయడం నాకు ఇష్టం. సన్నటి పొడుగు సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, ఆ మట్టానికి రబ్బరు బ్యాండు చుట్టాలి. పైన పెట్రోలు పోసి, మూత పెట్టి, బాగా గిలకరించి వదిలెయ్యాలి. పెట్రోల్లో సారా లేకపోతే నీళ్లు మళ్లీ బ్యాండు దగ్గరే ఆగుతాయి. ఉంటే, సారా పెట్రోలుని వదిలేసి నీళ్లతో కలిసిపోతుంది, నీటి మట్టం బ్యాండు దాటుతుంది. నీళ్లు స్పష్టంగా కనబడేలా ఆర్డిస్ తన బీట్‌రూట్ ఊరగాయ సీసాలోంచి ఒక చెంచాడు రసం తెచ్చి పోసింది. ఎర్రగా మారింది.

గిలకరించి షెడ్డు గుమ్మం మీద పెట్టాను. ఇద్దరం చెరో పక్కన తలకిందులు చేసిన బకెట్ల మీద కూర్చున్నాం. ఏదో పిట్ట పొదిగిన గుడ్డు పగులుతుందేమోనని చూస్తున్న పిల్లల్లా ఉన్నామనిపించింది. ఎరుపు మెల్లగా కిందికి దిగింది, తేటపడింది, ఆగింది. రబ్బరు బ్యాండుకి వేలి గోరంత పైన.

"పైకొచ్చింది," అంది.

"ఊఁ."

"అంటే?"

"ఇందులో సారా ఉంది."

ఆమె సీసాని వెలుతురు వైపు తిప్పి చూసింది. "అంటే నేను పంపు దగ్గర ఎనభై ఏడు మీట నొక్కాను."

"అయ్యుండొచ్చు," అన్నాను.

నేను ఒంటరిగా బతుకుతాను. వర్లిన్ కొట్టులో కాఫీ తాగే పావుగంట తప్పితే, రోజులో నేను మాట్లాడేది నాతోనే. అందుకని నా మనసులో ఏది కదిలినా చప్పుడు వినబడుతుంది. ఆ 'అయ్యుండొచ్చు' అన్నప్పుడు నాలో ఏం కదిలిందో నాకు తెలుసు. ఊరట. రెండుసార్లు విప్పి బిగించిన మోటారు నాది. తప్పు దానిలో లేదని తేలింది. తప్పు ఒక మనిషి వేలిలో ఉంది. ఆ మనిషి నా ఎదురుగా బకెట్టు మీద కూర్చుని ఉందన్న సంగతి ఊరట తర్వాత ఒక క్షణం ఆలస్యంగా తట్టింది.

"నొక్కినట్టు నాకు బాగా గుర్తు," అంది ఆర్డిస్ సీసా వంక చూస్తూనే. "చివరి మీట. వేలికి చల్లగా తగిలింది. ఆ రోజు చినుకులు పడుతున్నాయి. ఇప్పటికీ కళ్లకి కడుతోంది." తర్వాత చిన్నగా నవ్వింది. "ఇనెజ్‌కీ అన్నీ గుర్తుండేవిలే. చక్కెరే వేశానని ఒట్టేసి చెప్పేది."

ఆ సాయంత్రం నేను పనిలో కుదురుకోలేకపోయాను. ఒక గేరు డబ్బా విప్పి, ఎందుకు విప్పానో మరిచిపోయి మళ్లీ బిగించాను. ఆమె గుర్తు గురించే ఆలోచిస్తున్నాను. పందొమ్మిది వసంతాలు ఒకే చోట నిలబడి ఒకే మీట నొక్కిన మనిషికి ఇరవయ్యోది గుర్తుండటం అంటే ఏమిటి? పాత చల్లదనాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఒక్కటై ఉంటాయి. అందులోంచి ఈ ఏటిది విడదీయడం కుదరదు. కాబట్టి ఆమె గుర్తు సాక్ష్యం కాదు. కానీ అదే లెక్కన ఆమె మరుపూ సాక్ష్యం కాదు. నా సీసా చెప్పింది డబ్బాలో ఏముందో మాత్రమే. వేలు ఏం చేసిందో సీసా చెప్పలేదు. చెప్పినట్టు నేనూ ఆమే అనుకున్నాం. ఆ మధ్యలో ఒక చోటు ఉంది. మేమిద్దరం చూడని చోటు. పెట్రోలు బంకు.

గురువారం ఆర్డిస్ వర్లిన్ పడవ అడిగి తీసుకుని టపా వేయడానికి వెళ్లింది. నేను ట్రక్కులో సీసా, బ్యాండు, ఒక చిన్న డబ్బా, బీట్‌రూట్ రసం వేసుకుని టౌనుకి బయలుదేరాను.

నేను ఆ బంకుకి వెళ్లి ఏడాది దాటింది. నా ట్రక్కుకి ఇటువైపు ఇంకో బంకు దగ్గర. పాత యజమాని చలికాలంలో అమ్మేసి వెళ్లిపోయాడని వినడమే. చూస్తే గుర్తుపట్టలేనట్టుంది. కొత్త కప్పు, కొత్త పంపులు, నాలుగు మీటలు వరసగా. చివరి మీట తొంభై ఒకటి. నొక్కాను. వేలికి చల్లగానే ఉంది.

ట్రక్కు వెనక తలుపు దించి దాని మీదే సీసా పెట్టాను. నీళ్లు, రసం, బ్యాండు, పెట్రోలు. గిలకరిస్తుంటే పక్క పంపు దగ్గరున్న టోపీ మనిషి పలకరించాడు.

"ఏం పెద్దాయనా, జామ్ చేస్తున్నావా?"

"అలాంటిదే."

"మా ఆవిడా బీట్‌రూట్‌తోనే చేస్తుంది. ఎవరూ తినరు."

అతను వెళ్లిపోయాడు. ఎరుపు కిందికి దిగింది. తేటపడింది. బ్యాండుకి వేలి గోరంత పైన ఆగింది.

పారబోసి, సీసా కడిగి మళ్లీ చేశాను. అంతే పైన. మూడోసారి చేశాను. మూడోది అవసరం లేదని నాకు తెలుసు. లోపలికి వెళ్లడం వాయిదా వేయడానికి చేశాను.

గల్లాపెట్టె దగ్గర యాభై ఏళ్లావిడ గళ్లనుడికట్టు పూరిస్తోంది. తల ఎత్తకుండానే, "సారా లేనిదా?" అంది.

"ఎలా తెలుసు?"

"డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లంతా అదే అడుగుతారు. వెనకాలుంది. గ్యాసు సిలిండర్ల పక్కన, విడి పంపు. ఏప్రిల్ నుంచీ."

"తొంభై ఒకటి అంటే సారా లేనిదే కదా ఇక్కడ."

"పాతాయన ఉన్నప్పుడు అంతే. ఇప్పుడు ముందు పంపులు అన్నిట్లోనూ కలిపిందే, ఎనభై ఏడైనా తొంభై ఒకటైనా. పంపు మీద చీటీ అంటించి ఉంది చూడలేదా?"

చీటీ ఉంది. తర్వాత చూశాను. బొటనవేలంత అక్షరాలేమీ కావు.

"ఒక బోర్డు పెట్టొచ్చు కదా," అన్నాను.

"ఎందుకూ? అందరూ అడుగుతూనే ఉన్నారుగా."

"అడగనివాళ్లో?"

ఆవిడ మొదటిసారి తల ఎత్తి నన్ను చూసింది. "అడగనివాళ్లు ఉన్నట్టు నాకెలా తెలుస్తుందండీ?"

తిరుగుదారిలో ముప్ఫై నాలుగు మైళ్లూ ఆ ప్రశ్న నా పక్క సీటులో కూర్చునే వచ్చింది. తొంభై ఒకటి అనే అంకెకీ సారాకీ సంబంధమే లేదు. ఇంజను లోపల పెట్రోలు తొందరపడి ముందే పేలకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే కొలత అది. ఆర్డిస్ మోటారుకి ఎనభై ఏడు చాలు. ఆమెకు కావలసింది సారా లేకపోవడం. ఆ రోజుల్లో ఆ ఒక్క బంకులో, ఆ ఒక్క మీటలో ఆ రెండూ కలిసి ఉండేవి, అంతే.

పందొమ్మిదేళ్ల కిందట కొత్తగా టపా పని ఒప్పుకున్న ఆర్డిస్ నా షెడ్డు గుమ్మంలో నిలబడి ఏ పెట్రోలు కొట్టించాలని అడిగింది. నేను ఒక మోటారు కింద పడుకుని ఉన్నాను. బయటికి రాకుండానే, "తొంభై ఒకటి నొక్కు," అన్నాను. ఆమె వెంటనే వెళ్లలేదు. ఆమె చెప్పులు నాకు ఇంకా కనబడుతున్నాయి, గుమ్మం దగ్గర కొంచెంసేపు ఆగి ఉన్నాయి. ఎందుకని అడగబోయి మానేసి ఉంటుంది. నేను కారణం చెప్పి ఉంటే కొత్త పంపుల ముందు ఆమె ఆ కారణాన్ని వెతికేది. నేను అంకె ఇచ్చాను. అంకెని ఆమె పందొమ్మిదేళ్లు పొల్లుపోకుండా పాటించింది. పాటించినందుకు జూన్ నుంచీ తన తల మీద తనకే నమ్మకం లేకుండా తిరుగుతోంది.

క్లుప్తంగా మాట్లాడటంలో నాకో రుచి ఉందని కూడా ఆ దారిలోనే ఒప్పుకున్నాను. కారణం చెప్తే వినేవాడు మనతో సమానమైపోతాడు. అంకె చెప్తే మళ్లీ మన దగ్గరికే రావాలి.

ఆమె ఇల్లు కనబడింది. పెరట్లో వంగి చిక్కుళ్లు కోస్తోంది. నేను ఆపకుండా దాటి వెళ్లిపోయాను. మలుపు దాకా వెళ్లి, అక్కడ ఇంజను ఆపకుండా కాసేపు కూర్చుని, వెనక్కి తిప్పాను.

"కాఫీ తాగుతావా?" అంది ఆర్డిస్, గిన్నె కింద పెట్టి.

"ఇవ్వు," అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

మా దగ్గర మొదటిసారి అడిగినప్పుడు కాఫీ వద్దంటాం. రెండోసారి శ్రమ ఎందుకంటాం. మూడోసారి, ఉంటే సగం కప్పు అంటాం. నేను ఎంత కలవరంలో ఉన్నానో నాకు అప్పుడు తెలిసింది.

"ఎవరూ పోలేదు. కూర్చో," అన్నాను.

పెరటి కుర్చీల్లో కాఫీ కప్పులతో కూర్చున్నాక బంకు సంగతి చెప్పాను. మూడు పరీక్షలు, వెనకాల పంపు, ఏప్రిల్, చీటీ. ఆమె చిక్కుడుకాయ ఒకటి చేతిలో పట్టుకుని వింది.

"అంటే నేను నొక్కింది తొంభై ఒకటే."

"తొంభై ఒకటే అయ్యుండాలి. అది నొక్కినా వచ్చేది ఈ సారా కలిసిందే."

"అయ్యుండాలి అనకు. నువ్వు నొక్కితే ఏమొచ్చింది?"

"సారా వచ్చింది."

"నేను నొక్కితే?"

"అదే వస్తుంది."

"ఎనభై ఏడు నొక్కి ఉన్నా అదే వచ్చేది."

"అవును," అన్నాను. అబద్ధం చెప్పే వీలు అక్కడ లేదు. "ఏది నొక్కావో నేను రుజువు చెయ్యలేను. తొంభై ఒకటి నొక్కానని నువ్వన్నావు. దాన్ని కాదనడానికి నా దగ్గర ఇప్పుడు ఏమీ లేదు. నిన్న ఉందనుకున్నాను."

"నిన్న 'అయ్యుండొచ్చు' అన్నావు."

"అన్నాను."

"ఎంత తేలిగ్గా అన్నావో తెలుసా? వాతావరణం గురించి అన్నట్టు అన్నావు. నేను రాత్రంతా చిన్నప్పటి పద్యాలు పైకి చెప్పుకుంటూ పడుకున్నాను, ఎన్ని మిగిలాయో చూసుకుందామని." గొంతు పెరిగింది. మా వైపు గొంతు పెరగడం పెద్ద విషయం. పక్క పెరట్లో కుక్క లేచి నిలబడింది. "పందొమ్మిదేళ్ల కిందట ఎందుకో ఒక్క ముక్క చెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"చెప్పాల్సింది."

"అయితే ఇప్పుడు చెప్పు. తొంభై ఒకటంటే ఏమిటి అసలు?"

చెప్పాను. ఆమె ఆగలేదు. సారాకి నీళ్లంటే అంత ప్రేమెందుకు? మూత పెట్టిన ట్యాంకులోకి నీళ్లు ఎలా వచ్చాయి? డబ్బాలో చెడకుండా ఉన్నది ట్యాంకులోకి వెళ్లాక ఎందుకు విడిపోయింది? ట్యాంకుకి గాలిరంధ్రం ఉంటుందనీ, పగలు వేడికి బయటికి పోయిన గాలి చల్లబడ్డాక తేమతో తిరిగి లోపలికొస్తుందనీ, సగం ఖాళీ ట్యాంకు అలా వేసవంతా ఊపిరి పీలుస్తుందనీ చెప్పాను. సారా ఆ తేమని కొంతవరకు తనలో దాచుకుంటుంది, హద్దు దాటాక నీళ్లని కావలించుకుని పెట్రోలుని వదిలి అడుగుకి దిగిపోతుంది. హేగన్ దీవి దగ్గరి అలల సంగతి చెప్పినప్పుడు ఆమె నోరు తెరుచుకుంది.

"మంగళవారం నువ్వు నవ్వింది దీనికా?"

"దీనికే."

"నన్ను చూసి నవ్వావనుకున్నాను." చేతిలోని చిక్కుడుకాయని అటూ ఇటూ తిప్పింది. "సరే, ఎక్కడా సారా లేనిది దొరకలేదనుకో. అప్పుడు?"

"అప్పుడు రెగ్యులర్ చాలు. తాజాగా, కొంచెం కొంచెం తెచ్చుకుని, రెండు వారాల్లో కాల్చెయ్యాలి. ట్యాంకు నిండుగా ఉంచుకోవాలి."

"అంటే వర్లిన్ చెప్పేది నిజమా?"

"వర్లిన్ విషయంలో నిజం."

"ఆ మాట వాడి దగ్గర అనకు, తట్టుకోలేం. నీ పడవలో నువ్వు ఏది పోస్తావు?"

నేను కాఫీ వైపు చూశాను. "రెగ్యులర్."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ నా నుదుటికి తగిలింది. తర్వాత ఆమె నవ్వింది, ముందు మెల్లగా, ఆ పైన ఆపుకోలేక, కుర్చీ చేతులు పట్టుకుని. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఆ తడి అంతా నవ్వుది కాదు.

"అయితే కాగితం?" అన్నాను.

"అది వేరే సంగతి," అంది, మొహం సర్దుకుని. "పెట్రోలు తప్పేనని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసినా, రెండు నెలలుగా నన్ను నేను నమ్మలేదు. దాన్ని నువ్వు గొట్టం పెట్టి తోడెయ్యలేవు."

శుక్రవారం నేను ట్యాంకు అడుగుదాకా కడిగి ఆరబెట్టాను. గొట్టాలు కొత్తవి వేశాను, సారా పాత గొట్టాల లోపలి పొర నాని ఊడేలా చేసింది. వడపోత మార్చాను. వెనక పంపు నుంచి తెచ్చిన పెట్రోలు నింపాను, నింపేముందు దాన్నీ సీసాలో అడిగాను. ఎరుపు బ్యాండు దగ్గరే ఆగింది. మిగిలిన రెండు డబ్బాలూ వర్లిన్ తన ట్రక్కులో పోసుకున్నాడు. "సారా కలిసిందంటే నాకేం పట్టింపు? మా ఇంట్లో అందరూ తాగేవాళ్లే," అన్నాడు.

శనివారం ఎనిమిదింటికి ఆర్డిస్ సంచులతో వచ్చింది. చొక్కా జేబులో మడిచిన రెండు కాగితాలు కనబడుతున్నాయి.

"నేనూ రానా?" అన్నాను.

"వద్దు. నువ్వుంటే అది నీ మోటారు పరీక్ష అవుతుంది."

రేవు నుంచి పడవ వెళ్లింది. నేను గుమ్మంలో ఒక మోటారు ముందు కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా, చెవులతో ఆమె వెంట వెళ్లాను. మొదటి దీవి దగ్గర ఆగింది, బయలుదేరింది. రెండోది. మూడోది. హేగన్ దీవి వెనక్కి వెళ్లినప్పుడు శబ్దం మందమైంది, మళ్లీ తేటగా వినబడింది. గాలి ఉంది. అలలు తెల్లగా లేస్తున్నాయి.

అక్కడ మోటారు ఆగిపోయింది.

వర్లిన్ తన కొట్టులోంచి బయటికొచ్చాడు. "పోయింది మళ్లీ! తాడు తెస్తానుండు."

"ఆగు," అన్నాను. అతని చెయ్యి పట్టుకున్నాను కూడా.

మోటారు మొదలైంది. కొంచెం దూరం వెళ్లి మళ్లీ ఆగింది. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. మొదలైంది. మూడోసారి ఆగినప్పుడు వర్లిన్ నా వంక చూశాడు. "ఏం చేస్తోందావిడ?"

"తనే ఆపుతోంది," అన్నాను.

మూడోసారి మొదలయ్యాక అది ఆగలేదు. నాలుగో దీవి వైపు సన్నబడుతూ పోయింది.

పదకొండున్నరకి ఆమె తిరిగొచ్చింది. పడవ పూర్తిగా ఒడ్డుకి తగలకముందే రేవు మీదికి దూకింది. ఒక చేత్తో తాడు కట్టి, రెండో చేత్తో జేబులోంచి ఒక కాగితం తీసింది. తడి వేళ్లతో దాన్ని తెరిచి, నా వీపుని బల్లలా వాడుకుని సంతకం పెట్టింది. రెండో కాగితం ఎక్కడని నేను అడగలేదు. జేబులో మాత్రం లేదు.

"నాలుగేళ్లూనా?" అన్నాను ముందుకి వంగే ఉండి.

"కదలకు, పేరు వంకర పోతోంది. ఒక్కటి చెప్పు. సెప్టెంబరులో పడవ పైకి లాగేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచాలా, ఖాళీ చెయ్యాలా? ఇన్నాళ్లూ నువ్వు చెప్పావని ఖాళీ చేశాను."

"నిండుగా," అన్నాను నిటారుగా లేస్తూ.

ఆమె కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడింది. పోస్టాఫీసు కిటికీ పన్నెండింటికి మూసేస్తారు, అక్కడికి నడిస్తే పావుగంట.

"నడువు, దారిలో చెప్తాను," అన్నాను. "ఖాళీ చెయ్యమని అప్పట్లో ఎందుకన్నానంటే..."